మోకాలి తారీఖు

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు, లైబ్రరీ అడుగు అంతస్తులోని గదిలో ఒక పాత అట్లాసుకు కుట్టు వేస్తూండగా, బైండరమ్మ కుడిచేతి చిటికెనవేలు వాలిపోయింది.

సూదిని మడతలోంచి బయటికి లాగి, మైనం పూసిన దారాన్ని చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి బిగించబోయింది. తక్కిన వేళ్ళు లేచాయి. చిటికెనవేలు లేవలేదు. అరచేతి వైపు వంగి, ఎంత పిలిచినా పలకని పిల్లలా అలాగే ఉండిపోయింది. ఎడమచేత్తో పైకెత్తి నిలబెట్టి వదిలింది. మళ్ళీ వాలింది.

నొప్పి లేదు. ఆమెను భయపెట్టింది అదే. కీళ్ళవాతం పట్టుకున్న పదకొండేళ్ళలో ఆ చేతికి ఏది జరిగినా నొప్పితోనే జరిగింది. వేళ్ళ కణుపులు ఉబ్బినా, బొటనవేలు పక్కకు తిరిగినా, తెల్లవారి పిడికిలి విప్పుకోకపోయినా ముందు నొప్పి వచ్చేది, తర్వాతే మిగతాది. ఇది మాత్రం చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది.

చప్పుడు లేదని కూడా అనలేం. రెండు వారాలుగా మణికట్టు మీద, బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక దగ్గర, వేళ్ళు ఆడించినప్పుడల్లా గరగరమంటోంది. జరగబోయే మోకాలి ఆపరేషను గాయానికి చీము పట్టకుండా ఉండాలని కీళ్ళ డాక్టరమ్మ నెలనెలా వేసే ఇంజెక్షను ఈసారి ఆపించింది. అది ఆపినప్పటి నుంచి ఒంట్లో ఉన్న కీళ్ళన్నీ వాచి కూచున్నాయి. ఈ గరగర కూడా అందులో భాగమే అనుకుంది.

"ఏంటమ్మా, కుట్టు తప్పిందా?" అన్నాడు పొయ్యి దగ్గర్నుంచి జిగురు మాస్టారు. ఆ గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. ఆయన జిగురు కాచి అట్టలు అంటిస్తాడు, ఆమె కుడుతుంది.

"లేదు మాస్టారూ. వేలు తిమ్మిరెక్కింది."

"దులుపు. పోతుంది."

దులిపింది. పోలేదు. ఇంకా కుట్టాల్సిన ఆరు ఫారాలు, మడిచిన కాగితాల కట్టలు, మిగిలాయి. చిటికెనవేలితో చేసే పనిని ఉంగరపు వేలికి అప్పగించి, ఒక్కొక్క కాగితాల మడతా తెరిచి, చిల్లులు సరిచూసుకుని, సూది దూర్చి లాగుతూ పోయింది. అట్లాసు పెద్దది. దారం వదులైతే రెండేళ్ళకే పేజీలు ఊడి చేతికొస్తాయి. మరీ బిగిస్తే కాగితం కోసుకుపోతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. ఆఖరి ముడి వేసేసరికి ఆమె జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది.

"మంగళవారం కదా మోకాలు?" అన్నాడు మాస్టారు గిన్నె దించుతూ. "ఇక్కడి సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం ఆ మెట్లు నీ కాళ్ళతో దిగుతూ రావాలి. అంతే."

ఆ గదికి పదకొండు మెట్లున్నాయి. ఏడాదిగా ఆమె వాటిని కూర్చుని దిగుతోంది, ఒక్కొక్క మెట్టు మీదికీ జారుతూ, చిన్నపిల్లలు దిగినట్టు.

అయిదింటికి భర్త వచ్చాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. సగం ఊరి లిఫ్టులు ఆయన చేతిమీద నడుస్తాయి, తాము అద్దెకున్న ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. రెండో అంతస్తు. ఇల్లు చేరాక కింది గుమ్మం దగ్గర పనిసంచీ ముందుకు వేసుకుని, వెనక్కి తిరిగి, కొంచెం వంగాడు. ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. కుడి చిటికెనవేలిని ఎడమ గుప్పిట్లో దాచుకుంది.

"ఓవర్‌లోడు," అన్నాడు మొదటి మలుపు దగ్గర, రోజూ అనే మాటే. "తలుపులు మూసుకోవు."

"ఎవరినైనా దిగమనండి."

ఆయన నవ్వాడు, మధ్యలో నవ్వు ఆగి నడుము దగ్గర పట్టేసింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఊపిరి ఎగదన్నడం ఆమె పొట్టకు తగులుతోంది. చెప్పేద్దామనుకుంది. ఏమండీ, నా వేలు లేవడం లేదు. నాలుగు మాటలు.

"ఇంకో నాలుగు రోజులు," అన్నాడాయన తేరుకుని. "తర్వాత ఈ లిఫ్టుకు రిటైర్మెంటు."

ఆమె ఎడమ గుప్పిట ఇంకొంచెం బిగించింది.

*

ఇంట్లో అప్పటికే వదిన దిగి ఉంది. భర్తకు అక్క. బడిలో ముప్పై ఏళ్ళు గంట కొట్టి రిటైరైన మనిషి కాబట్టి ఏ పనీ నిమిషం అటూ ఇటూ కానివ్వదు. మంగళవారానికి ఆసుపత్రిలో తోడుండాలని శుక్రవారమే వచ్చేసింది. పోయినసారీ ఇలాగే వచ్చింది, వచ్చి ఊరికే తిరిగెళ్ళింది.

ఆ సంగతి మర్చిపోనివ్వదు కూడా.

"డాక్టరు నిన్ను పన్ను గురించి అడిగాడా? అడగలేదు," అంది శనివారం బట్టలు సర్దుతూ. "నీ అంతట నువ్వే సలుపుతోందని చెప్పావు. ఆయన నోరు తెరిపించి చూశాడు, చీము ఉంది పొమ్మన్నాడు. ఎనిమిది నెలలు! వాడు ఎనిమిది నెలలు మోశాడు నిన్ను."

"అప్పుడు చేసి ఉంటే ఆ చీము మోకాల్లోకి దిగేదని చెప్పారు కదా వదినా."

"దిగేదో లేదో. ఈసారి మాత్రం నోరు జారకు. అడిగినదానికి ఊఁ, అడగనిదానికి ఊఁహూఁ. తెలిసిందా?" అని, అప్పుడు చూసింది. "వేళ్ళకు ఆ పట్టీ ఏంటి?"

బైండరమ్మ పుస్తకాల వీపుకు అంటించే గుడ్డముక్క ఒకటి తెచ్చుకుని, చిటికెనవేలిని ఉంగరపు వేలికి జత చేసి చుట్టుకుంది. పక్కవాడి భుజం పట్టుకుని నిలబడ్డట్టు ఆ వేలు అలా కాస్త నిలబడుతోంది.

"సూది గుచ్చుకుంది."

"అయ్యో రాత! ఆ మాట అక్కడ అనకు. పుండు అన్నావంటే మళ్ళీ పంపించేస్తారు. పట్టీ తీసెయ్యి."

అబద్ధం కూడా పనికిరాలేదు. ఆదివారం ఉదయం పట్టీ తీసేసి, చేతిమీద కండువా కప్పుకుని, ఆసుపత్రిలో చేరింది.

వార్డులో ఆరు మంచాలు. ఆమెది తలుపు పక్కది. చేర్చుకునే గుమస్తా కాగితాల అట్ట ఆమె ముందు పెట్టబోయి, ఆమె వేళ్ళ వంకర చూసి, అట్టను గిర్రున భర్త వైపు తిప్పాడు. "మీరు పెట్టెయ్యండి సార్ సంతకం. ఆవిడకు కష్టం." భర్త పెట్టేశాడు. మోకాలికి చేసే పని, జరగరానిది జరిగితే ఏమవుతుంది, అన్నీ రెండు పేజీల్లో రాసి ఉన్నాయి. ఆమె తలకిందులుగా చదవడానికి ప్రయత్నించింది. పుస్తకాల ఫారాలు తిరగేసి సర్దే పనిలో తలకిందులుగా చదవడం అలవాటే. రెండో పేజీ దాకా రాకుండానే అట్ట వెళ్ళిపోయింది.

పెద్ద సిస్టరు వచ్చి మందుల డబ్బా అడిగింది. తలుపు దగ్గర నర్సులందరూ ఆమెను చూసి నడక సర్దుకుంటారు.

"ఆపరేషను అయ్యేదాకా మాత్రలన్నీ మా దగ్గర ఉంటాయి. ఇవేవీ వేసుకోవద్దు."

"ఈ చిన్న తెల్లమాత్ర మాత్రం ఆపకూడదండీ," అంది బైండరమ్మ. ఎంత మెల్లగా అన్నా వదిన మంచం అవతలనుంచి కళ్ళురిమింది. "పదేళ్ళనుంచి వేసుకుంటున్నాను. ఒక్కసారిగా ఆపితే, ఆపరేషను బల్లమీద బీపీ పడిపోతుందని కీళ్ళ డాక్టరమ్మ రాసిచ్చారు. వారానికోసారి వేసుకునేది కూడా ఆపక్కర్లేదన్నారు."

సిస్టరు ఆమెను ఒక క్షణం చూసి, చీటీ తీసుకుని వెళ్ళి, ఎవరికో ఫోను చేసి, పది నిమిషాల్లో తిరిగొచ్చింది. చిన్న మాత్ర ఆమె అరచేతిలో పెట్టింది. "నిజమే. చెప్పడం మంచిదయింది."

చెప్పడం మంచిదయింది. ఆ మాట పట్టుకుని బైండరమ్మ సాయంత్రం దాకా అటూ ఇటూ దొర్లింది. మంచం మీద ఒక వైపు తిరిగితే మోకాలు, ఇంకో వైపు తిరిగితే భుజం. వెల్లకిలా పడుకుంటే చేయి కనిపిస్తుంది.

సోమవారం పొద్దున ఆసుపత్రి గౌను గుండీలు పెట్టుకుంటూంటే ఉంగరపు వేలు కూడా పోయింది. ఈసారి చిన్నగా తెలిసింది, ముంజేతి లోపల ఎక్కడో తడిసిన నూలు తెగినట్టు. గుండీ వదిలేసి చేతిని దుప్పటి కిందికి లాక్కుంది. లోపలే ఆడించి చూసింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పలికాయి. మిగతా రెండూ లేవు.

తొమ్మిదింటికి మత్తు డాక్టరు వచ్చాడు. తీరికగా మాట్లాడే మనిషి. నోరు ఎంత తెరుచుకుంటుందో చూశాడు. తల పైకెత్తమన్నాడు, దించమన్నాడు. మెడ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు.

"మీ జబ్బువాళ్ళకు మెడ పైన ఎముకలు వదులవుతాయి. తెలియకుండా తల వెనక్కి వంచితే ప్రమాదం. మీది పరవాలేదు. అయినా నడుము కిందికే మత్తిస్తాం, తలజోలికి పోము. చేతుల్లో తిమ్మిరి గానీ, బలం తగ్గినట్టు గానీ ఏమైనా ఉందా?"

సూటిగానే అడిగాడు. ఆమె వదిన వైపు చూడలేదు. చూడనక్కర్లేకపోయింది. వదిన చేతిలోని గ్లాసు చప్పుడు ఆగిపోయింది.

"లేదండీ," అంది.

ఆయన రాసుకున్నాడు. రాస్తూంటే చూసింది: పొట్టి గీత ఒకటి. అంతే. ఆయన పక్కమంచానికి వెళ్ళాడు. వదిన దుప్పటి సర్ది, "శభాష్," అంది లోగొంతుకతో.

మధ్యాహ్నం వ్యాయామం నేర్పే ఆమె నాలుగు కాళ్ళ నడకబండీ తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"రేపు ఆపరేషను, ఎల్లుండే దీంతో నడవాలి. కొత్త మోకాలి మీద మొదట్లో భారం పడకూడదు కాబట్టి బరువంతా చేతుల మీద వెయ్యాలి. ఇప్పుడే ఒకసారి అలవాటు చేసుకోండి. పట్టుకోండి, వాలండి. ఇంకా వాలండి."

బైండరమ్మ పట్టుకుంది. వాలింది. మణికట్టు మీద ఎముక లోపల్నుంచి పొడిచింది. వెంటనే మధ్యవేలి మొదట్లో మంట, ఆ గరగర. రెండు వారాల కిందట చిటికెనవేలికి మొదలైంది ఇలాగే. శుక్రవారం తర్వాత ఉంగరపు వేలికీ ఇలాగే. వరుసలో తర్వాతిది మధ్యవేలు.

నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగుకు చేతులెత్తేసి మంచం అంచున కూలబడింది.

"బాగానే వేశారు," అంది వ్యాయామం ఆమె. "ఆరు వారాలు ఇదే మీ కాళ్ళు."

ఆరు వారాలు. బైండరమ్మ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. కాలు కాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరుగుదామంటే తిరిగే కాళ్ళు కావు. కిటికీ తెరిపించింది, మూయించింది. నీళ్ళడిగింది, తాగలేదు. వదిన విసుక్కుని, "కత్తికి భయపడుతున్నావా?" అంది. ఊఁ అంది. అదే తేలిక.

సాయంత్రం మోకాళ్ళ డాక్టరు వచ్చాడు, వెంట నలుగురితో. నీలం కలంతో ఎడమ మోకాలి మీద బాణం గుర్తు గీశాడు. "రేపు మొదటి కేసు మీదే. ఇంకేమైనా చెప్పాలా?" అనేటప్పటికే ఆయన ఒక కాలు పక్కమంచం వైపు పడింది.

బైండరమ్మ నోరు తెరిచింది. వదిన దగ్గింది.

"ఏం లేదండీ."

*

మంగళవారం ఉదయం ఏడున్నరకు స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. భర్త ఒక పక్క నడుస్తున్నాడు, తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనకే ఏదో జరగబోతున్నట్టు. ఎడమచెయ్యి ఆయన చేతిలో ఉంది. కుడిచెయ్యి దుప్పటి కింద. దారి పొడుగునా ఆమె మధ్యవేలిని ఆడిస్తూనే ఉంది. ఉందా. ఉంది. ఉందా. ఉంది.

థియేటరు తలుపుల దగ్గర భర్తను ఆపేశారు. "ఇక ఇక్కడిదాకానే సార్."

ఆయన వంగి, "వెళ్ళిరా," అన్నాడు. ఆయన మొహం మీద ఎనిమిది నెలల నుంచి లేని తేట ఉంది. అది చూడగానే ఆమెకు ఇక అసలు చెప్పలేననిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. చల్లటి గాలి తగిలింది. మధ్యవేలు ఆడించింది. లేచింది గానీ, ఆలస్యంగా లేచింది.

"ఆపండి," అంది.

తోసేవాళ్ళకు వినిపించలేదు.

"ఆపండి! ఒక మాట చెప్పాలి."

ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. దుప్పటి కిందనుంచి కుడిచెయ్యి తీసి, మొహానికి ఎదురుగా పైకెత్తి పట్టుకుంది. మూడు వేళ్ళు నిలబడ్డాయి. రెండు వేలాడుతున్నాయి.

మోకాళ్ళ డాక్టరు ముఖానికి గుడ్డ కట్టుకుంటూ వచ్చాడు. "ఎప్పటినుంచి?"

"చిన్నది శుక్రవారం. రెండోది నిన్న పొద్దున."

"నిన్న సాయంత్రం నేను అడిగానే!"

"అడిగారండీ. చెబితే తారీఖు పోతుందని..."

ఆయన చిరాకు కళ్ళలో తెలిసింది. చెయ్యి పట్టుకుని వేళ్ళు చాపమన్నాడు, మణికట్టు నొక్కాడు. "నరాలు కావు, వేళ్ళను పైకి లాగే తాళ్ళు తెగాయి," అన్నాడు పక్కవాళ్ళతో. తర్వాత ఆమెతో, "సరే. తెగినవి ఎలాగూ తెగాయి. అంతా సిద్ధంగా ఉంది కాబట్టి ఈరోజు మోకాలు చేసేద్దాం. చేతి సంగతి తర్వాత చూద్దాం. ఏమంటారు?"

ఏమంటారు అనేది ఆయనకు ఊతపదం. స్ట్రెచరు అప్పటికే కదులుతోంది.

"మరి నడకబండీ ఎవరు పట్టుకుంటారండీ?" అంది.

"అంటే?"

"ఆరు వారాలు బరువంతా చేతుల మీదే వెయ్యాలన్నారు. నిన్న నాలుగడుగులు వేశాను, దీని కింద మంట మొదలైంది." మధ్యవేలు చూపించింది. "ఇప్పుడిది కూడా ఆలస్యంగా లేస్తోంది. ఇదీ తెగితే నాకు చెయ్యి లేనట్టే. మోకాలొస్తుంది, చెయ్యి పోతుంది. పుస్తకాలు కుట్టేదాన్నండీ నేను."

డాక్టరు ఆగాడు. ఈసారి చెయ్యిని కాదు, మొహాన్ని చూశాడు. మళ్ళీ మణికట్టు మీద ఎముకను బొటనవేలితో తడిమాడు, మెల్లగా, ముందు తడిమినట్టు కాదు.

"నేను నడకబండీ గురించి ఆలోచించలేదు," అన్నాడు. గుడ్డ విప్పేశాడు. "చేతుల డాక్టరమ్మను పిలవండి. రెండో కేసును ముందుకు తెండి."

రెండో కేసు ఎదురు మంచం పెద్దావిడ. ఆవిడ స్ట్రెచరు లోపలికి వెళ్తుంటే, ఆమెది గోడవారకు జరిగి దారిచ్చింది.

*

చేతుల డాక్టరమ్మ పొట్టి మనిషి. పావుగంట చూసింది, ఒక బొమ్మ గీసి చూపించింది. వాతం తినేసి గరుకెక్కిన ఎముక, దాని మీదుగా వెళ్ళే తాళ్ళు, రోజూ రాపిడి. మొదట బయటి తాడు, తర్వాత దాని పక్కది.

"మూడోది పోగుల మీద ఉంది. ఎముక నున్నగా చెక్కాలి. చూపుడువేలికి దేవుడు రెండు తాళ్ళిచ్చాడు, అందులో ఒకటి తెచ్చి ఈ వేళ్ళకు కలుపుతాను. వాత ఇంజెక్షను ఎలాగూ ఆపి ఉన్నారు, అది మన అదృష్టం. గురువారం చేద్దాం. ఇంకో వారం ఆగి ఉంటే తేవడానికి కూడా ఏమీ ఉండేది కాదు."

"పూర్తిగా వస్తుందాండీ?"

"పూర్తిగా రాదు. పనికొచ్చేంత తెద్దాం."

ఆమె వెళ్ళాక భర్త వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు.

"నాలుగు రోజులు," అన్నాడు. "నాతో కూడా చెప్పలేదు."

ఆమె ఎడమచేత్తో దుప్పటి అంచు మడత సరిచేసింది.

"సెలవు పెట్టాను. నడుముకు బెల్టు కట్టుకుని మోశాను. మళ్ళీ ఎన్నాళ్ళు? నా వీపు గురించి ఒక్కసారైనా ఆలోచించావా?"

"నాలుగు రోజులుగా అదే ఆలోచించాను. అందుకే చెప్పలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మెట్లెక్కించడానికి మీరున్నారు," అంది ఆమె. "తిడుతూనైనా ఎక్కిస్తారు. నా బదులు దారం లాగేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?"

ఆయన కాసేపు కిటికీ గొళ్ళెం అటూ ఇటూ కదిపి చూశాడు, అది వదులుగా ఉందో లేదో అన్నట్టు. తర్వాత వెళ్ళిపోయాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు.

వదిన ఉండిపోయింది. సంచీ సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. తిడుతుందని ఎదురుచూసింది బైండరమ్మ. తిట్టలేదు. అన్నం కలిపి నోటికందిస్తూ, ముద్దకూ ముద్దకూ మధ్య ఆ వాలిన వేళ్ళ వైపు చూస్తూ, "నొప్పి లేదన్నావు," అంది.

"లేదు వదినా."

"నొప్పి లేకుండా కూడా తెగుతాయన్నమాట," అంది. ఇంకో ముద్ద కలుపుతూ, "నేను దగ్గకుండా ఉండాల్సింది," అంది. 

బుధవారం సాయంత్రం భర్త వచ్చాడు, పనిబట్టల్లోనే, చేతులకు గ్రీజుతో. సెలవు రద్దు చేసుకుని పనికి వెళ్ళొచ్చాడు. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మోకాలి తారీఖు మళ్ళీ ఎప్పుడో అడిగావా?"

"అడిగాను. మూడు నెలలకు ఇస్తామన్నారు. చేతి కట్టు విప్పి, బరువు మోయగలనని డాక్టరమ్మ చెప్పాకే."

"మూడు నెలలు," అన్నాడు. కూర్చున్నచోటే నడుము ఒకసారి నిటారుగా చేసి చూసుకున్నాడు. "ఎక్కేటప్పుడు మెడ పట్టుకుంటావే, ఒంటిచేత్తో ఎలా పట్టుకుంటావు?"

ఆమె ఆ సంగతి ఆలోచించలేదు.

"నడుముకు పట్టీ కట్టి చూద్దాం. మా పనిలో పైన వేలాడేటప్పుడు కట్టుకునేవి ఉన్నాయి," అని, "తిండి మాత్రం తగ్గించాలి," అన్నాడు. మొహంలో నవ్వు లేదు. కానీ లేచి వెళ్ళిపోలేదు. వార్డులోంచి బయటివాళ్ళను పంపించే గంట కొట్టేదాకా స్టూలు మీదే ఉన్నాడు.

*

గురువారం ఆమెను నిద్రపుచ్చలేదు. మణికట్టు చుట్టూ, ముంజేతి పొడుగునా సన్నని సూదులు పొడిచి, చర్మం మొద్దుబారేదాకా ఆగారు. మధ్యలో నీలం గుడ్డ అడ్డం కట్టారు. అవతల చెయ్యి ఉంది, ఇవతల ఆమె.

"మీరు మెలకువగా ఉండాలి," అంది డాక్టరమ్మ గుడ్డ వెనకనుంచి. "నాకు మీతో పని పడుతుంది."

నొప్పి తెలియలేదు. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు, ఎవరో ఆకురాయితో రాస్తున్నట్టు మాత్రం తెలిసింది. ఆ రాపిడి ఎముకలోంచి పళ్ళదాకా వచ్చింది. తర్వాత అది ఆగింది. సూది పట్టుకున్న చేతుల కదలిక ఆమె చూడకుండానే గుర్తుపట్టింది. దూర్చి, లాగి, ఆగి, మళ్ళీ దూర్చి.

గంటన్నర అయ్యాక డాక్టరమ్మ గుడ్డను పక్కకు జరిపించింది. "కోసినచోటు కప్పేశాం. భయం లేదు. వేళ్ళు మాత్రం చూడండి. తాత్కాలికంగా ఒక్క కుట్టు మీద నిలబెట్టాను. చాపండి."

బైండరమ్మ చాపింది. ఏ దారిలో ఆజ్ఞ పంపాలో ముందు తెలియలేదు. చూపుడువేలిని లేపుదామనుకుంటే ఉంగరపు వేలు ఉలిక్కిపడింది. మళ్ళీ ప్రయత్నించింది. నాలుగు వేళ్ళూ పైకి లేచాయి. ఉంగరపు వేలు, చిటికెనవేలు కర్రల్లా బిర్రుగా నిలబడ్డాయి.

"అబ్బ, బ్రహ్మాండం," అన్నాడు పక్కనున్న సహాయ డాక్టరు. "తిన్నగా వచ్చాయి. కట్టేద్దామా మేడమ్?"

డాక్టరమ్మ అతనికి జవాబివ్వలేదు. బైండరమ్మ మొహం చూస్తోంది. "మీకెలా ఉంది?"

అంతవరకు ఎవరూ అలా అడగలేదు. వేళ్ళను మెల్లగా మూసి చూసింది. చూపుడువేలు, మధ్యవేలు అరచేతిని తాకాయి. ఉంగరపు వేలు, చిటికెనవేలు సగం దారిలో ఆగి, బిగుసుకుని, ముందుకు రామన్నాయి.

"బిగువెక్కువయింది," అంది.

"చాపడానికి బిగువుంటేనే మంచిది," అన్నాడు సహాయ డాక్టరు. "తర్వాత ఎలాగూ కొంచెం సాగుతుంది."

"కొంచెం సాగినా పిడికిలి రాదండీ. పిడికిలి రాకపోతే సూది నిలవదు." ఆగిపోయిన వేళ్ళను ఇంకోసారి మూయబోయి చూపించింది. "ఇంత తిన్నగా నాకు అక్కర్లేదు. కొంచెం వంగి ఉన్నా పరవాలేదు. ముయ్యడం రావాలి."

"ఎంత వదలమంటారు?"

"బియ్యపుగింజంత."

డాక్టరమ్మ కుట్టు కోసి, ఒక గింజంత వదిలి, మళ్ళీ వేసింది. "ఆడించండి."

ఆడించింది. తెరిచింది, మూసింది. వేళ్ళు మునుపంత తిన్నగా రాలేదు, చివర్లో చిన్న వంపు మిగిలింది. ఉంగరపు వేలు అరచేతికి చేరింది. చిటికెనవేలు ఇంకా చేరలేదు.

"చిన్నదానికి ఇంకో అరగింజ."

సహాయ డాక్టరు గడియారం చూశాడు. డాక్టరమ్మ చూడలేదు. కోసింది, వదిలింది, వేసింది. "ఇప్పుడు?"

బైండరమ్మ తలగడ మీదనుంచి తల కాస్త ఎత్తి, తన చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ, ఒకసారి తెరిచి మూసింది. రెండోసారి తెరిచి మూసింది. బొటనవేలిని చూపుడువేలికి ఆనించి, ఖాళీగాలిలో సూది పట్టినట్టు పట్టి, మిగతా మూడు వేళ్ళను దాని వెనక ఒక్కొక్కటిగా చేర్చింది. 

"ముడి వెయ్యనా?" అంది డాక్టరమ్మ.

"ఉండండి," అంది బైండరమ్మ, ఇంకొకసారి మూసి చూసి, తెరిచి చూసి, అప్పుడు, "చాలండీ. వెయ్యండి," అంది.